పువ్వు కోసుకున్నాడని అనొద్దు

ఎమ్మిగనూరు
ఫిబ్రవరి, ఆదివారం సాయంత్రం

బుజ్జీ,



వాట్సాప్‌లో రెండు ముక్కలు పెట్టి ఊరుకోకుండా నాలుగు పేజీలు కాగితం మీద రాసినావంటేనే నీ మనసు ఎంత కలతపడిందో తెలిసింది. కూలి పనికి వలస, అదే సుగ్గికి పోయిన చోట ఆటో బోల్తాపడి నీ సండేస్కూలు పిల్లోడు పోవడం, రాత్రంతా ప్రయాణం చేసి వాణ్ణి ఊరికి తేవడం, తెల్లారేసరికి సమాధుల తోటలో గుంత. అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది ఆ తల్లి మాట. దేవుడు తన తోటలోకి ఒక పువ్వు కావాలని కోసుకున్నాడని పాస్టరు గారు చెప్తే, "ఆయన తోటలో అన్ని పూలుంటే నా ఇంటిదే కావాల్నా?" అని అడిగిందంటివే, ఆ మాట. బోధకుడిగా ఆయన మంచివాడే. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి చెప్పినాడు. ఏదో ఒకటి చెప్పాలనుకోవడంలోనే వచ్చింది చిక్కంతా.

ఇప్పుడు ఆమె నిన్నడుగుతోంది. జవాబు రాసి పంపు పెద్దమ్మా, పోయి చెప్తానంటున్నావు. జవాబు పంపను బుజ్జీ. ఎందుకు పంపనో రాస్తాను.

మీ అన్నకంటే ముందు నాకొక బిడ్డ పుట్టి ఆరు రోజులు బతికిన సంగతి మీ అమ్మ చెప్పే ఉంటుంది. ఆ వారంలో మా ఇంటికి చాలామంది విశ్వాసులు వచ్చినారు. ఒకామె నా ప్రార్థనలో లోపముందన్నది. ఒకాయన యోబు మొదటి అధ్యాయంలోని "యెహోవా ఇచ్చెను, యెహోవా తీసికొనిపోయెను" అన్న మాట అప్పజెప్పి వాచీ చూసుకున్నాడు. నాకు మిగిలింది మా పక్కింటి అవ్వ. క్రైస్తవురాలు కాదు. మాచాని సోమప్ప 1938లో పెట్టిన చేనేత సొసైటీకి నేసే ఇల్లు వాళ్లది. మధ్యాహ్నం కాగానే రాట్నం తెచ్చుకొని మా అరుగు మీద కూర్చొని కండెలు చుట్టుకునేది. పలకరింపు లేదు, ఓదార్పు లేదు. రాట్నం చప్పుడు మాత్రమే. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, "తల దువ్వనా?" అని అడిగింది. అప్పటిదాకా నేను తల దువ్వుకోలేదని నాకే తెలీదు.

పిల్లల్ని పోగొట్టుకున్న యోబును పరామర్శించడానికి వచ్చిన స్నేహితుల్ని మనం ఊరికే తిడతాం గానీ, మొదటి ఏడు రోజులు వాళ్లు చేసింది సరిగ్గా అవ్వ చేసిందే. నేల మీద కూర్చున్నారు, నోరు విప్పలేదు. ఎనిమిదో రోజు నుంచి దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్నారు. నువ్వేదో తప్పు చేసుంటావు, లేకుంటే ఇంత శిక్ష ఎందుకు పడుతుందని అధ్యాయాలకు అధ్యాయాలు వాదించినారు. చివర్లో దేవుడు సుడిగాలిలోంచి మాట్లాడినప్పుడు యోబుకు కూడా "ఎందుకు" అన్నదానికి జవాబు దొరకదు. సముద్రం గురించి, కొండమేకలు ఈనే కాలం గురించి దేవుడే ఎదురు ప్రశ్నలు వేస్తాడు. చిన్నప్పుడు అది చదివి, ఇదేం జవాబు అని నాకు కోపమొచ్చేది. ఇప్పుడూ పూర్తిగా పోలేదు. కానీ 42వ అధ్యాయం ఏడో వచనం చూడు. తనను వెనకేసుకొచ్చిన ముగ్గురి మీద దేవుడు మండిపడి, తనతో గొడవ పెట్టుకున్న యోబే తన గురించి సరిగ్గా మాట్లాడినాడని తీర్పు చెప్తాడు. సండేస్కూల్లో యోబు ఓర్పు గురించి చెప్తాం. ఈ వచనం దాకా ఎవరమూ పోము.

మన చుట్టుపక్కల వాళ్లు ఖర్మ అంటారు, నొసటి రాత అంటారు. బాప్తిస్మం తీసుకున్నాక మనం ఆ మాట మానేసి "దేవుని చిత్తం" అంటున్నాం. పేరే మారింది, సరుకు అదే. చచ్చినా బతికినా, ఆటో బోల్తాపడినా, అంతా ఆయన చిత్తమేనంటే దేవుడికీ తలరాతకీ తేడా ఏముంది? యేసు ఈ లెక్కను రెండుసార్లు కొట్టేసినాడు. పుట్టు గుడ్డివాణ్ణి చూపించి పాపం వీడిదా, వీడి అమ్మానాన్నలదా అని శిష్యులడిగితే ఎవరిదీ కాదన్నాడు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోతే, వాళ్లు మిగతా యెరూషలేము వాళ్లకంటే పాపులేం కాదన్నాడు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయం మునిగినప్పుడు మన సంఘంలోనే ఒకాయన, చూసినారా విగ్రహాల ఊరికి ఏమైందో అన్నాడు. అవే రోజుల్లో కర్నూలు ఊళ్లోకి నీళ్లొచ్చినాయి, ఆ నీళ్లు ఏ గడపలోనూ మతం అడిగి దూరలేదు. ఆ మాటే ఆయనతో అన్నా. తర్వాత కొన్ని నెలలు నాకు వందనం చెప్పడం మానేసినాడు.

పెద్ద చదువులు చదివినవాళ్లు దీనికి జవాబులు వెతకలేదని కాదు. దేవుడు మనిషికి స్వేచ్ఛ ఇచ్చినాడు, దాన్ని మనిషి చెడగొట్టుకున్నాడు, చెడుగు అక్కణ్ణుంచి వచ్చిందని అగస్టీను అన్నాడు. అంతకు రెండు వందల ఏళ్ల ముందే ఇరెనేయస్, ఈ లోకం మనిషి ఇంకా ఎదిగే చోటని, కష్టంలోనే ఆత్మ ముదురుతుందని చెప్పినాడు. రెండూ బుద్ధికి కొంత ఆనతాయి. నువ్వు నర్సువి కాబట్టి నీకు పాల్ బ్రాండ్ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో మిషనరీల ఇంట పుట్టినాడు. చదువుకొని 1946లో వేలూరు ఆస్పత్రికి సర్జనుగా వచ్చినాడు. కుష్ఠు రోగుల వేళ్లు వాటంతటవే కుళ్లి రాలిపోతాయని అప్పట్లో అందరూ అనుకునేవాళ్లు. అది కాదు, నొప్పి తెలీక కాలినా కోసుకున్నా పట్టించుకోకపోవడం వల్ల పోతున్నాయని ఆయన గట్టిగా చూపించినాడు. నొప్పి దేవుడిచ్చిన వరమని ఆయన అనేవాడు. అనడానికి ఆయనకు హక్కుంది, ఆ చేతుల్ని బాగుచేసినవాడు కాబట్టి. పొయ్యి మీద చెయ్యి కాలడానికి ఆ మాట సరిపోతుంది. తొమ్మిదేళ్ల పిల్లోడికి సరిపోదు. వాడి చావు ఎవరికి ఏ హెచ్చరిక?

ఇంగ్లండులో సి.ఎస్. లూయిస్ 1940లో బాధ గురించి ఒక పుస్తకం రాసినాడు. తర్కం అంతా పొందిగ్గా ఉంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత భార్య క్యాన్సరుతో పోయింది. అప్పుడు రాసుకున్న నోటు పుస్తకాలు 1961లో వేరే పేరుతో అచ్చు వేయించుకున్నాడు. అందులో దేవుణ్ణి తలుపు వేసుకున్నవాడిగా చూసి మొత్తుకుంటాడు. విశ్వాసం వదల్లేదు, మొదటి పుస్తకంలోని పొందిక మాత్రం మిగల్లేదు. ఆ తల్లికి ఏదైనా చదివి వినిపించాల్సి వస్తే నేను రెండోదే ఎంచుకుంటా. వినిపించమనడం లేదులే.

ఇంకొకటి ఉంది బుజ్జీ, ఇది చెప్పడానికే ఇంతసేపూ రాసినట్టున్నా. దేవుడు ఎందుకు రానిచ్చినాడని అడిగే ముందు, మనం ఎందుకు రానిచ్చినామని అడగాలి. 1876లో వానలు పోయి ధాత కరువు వచ్చింది. అప్పుడు మన ఆదోని బళ్ళారి జిల్లాలో ఉండేది. బళ్ళారి, కర్నూలు జిల్లాల మీదే దెబ్బ గట్టిగా పడింది. కర్నూలు జిల్లాలో 1871లో 9 లక్షల 14 వేల మంది ఉంటే 1881 లెక్కలకు 6 లక్షల 78 వేలు మిగిలినారు. వాన ఆపింది దేవుడే అనుకో. కరువు పనికి వచ్చినవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, కాసింత చిల్లర చాలని 1877లో కూలి కోసింది బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ దొర. సరిగ్గా ఆ జనవరి ఒకటినే ఢిల్లీలో విక్టోరియా పేరు మీద దర్బారు జరిగింది. ధాన్యం ఓడలు ఎక్కడం ఆగలేదు. ఇవన్నీ తెచ్చి దేవుడి ఖాతాలో రాస్తే ఎట్లా?

ఆ కరువులోనే ఒంగోలు వైపు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్లు తవ్వే కాంట్రాక్టు తీసుకొని, మాదిగపల్లెల వాళ్లకు పనిచ్చినాడు. గంజి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని కరువు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేసినాడు. కరువు తగ్గినాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది నీళ్లలోకి దిగినారు. కూటి కోసం కలిసినారని ఎక్కిరించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాకైతే ఇంకోటి తోస్తుంది. సగం ఇల్లు పూడ్చిపెట్టుకొని వచ్చినవాళ్లకు దేవుడు ఎందుకు ఇట్లా చేసినాడో ఎవరూ వివరించి ఉండరు. వివరిస్తే వచ్చుండేవాళ్లు కూడా కాదు. తమ పక్కన కాలువగట్టు మీద ఎవరు నిలబడినారో వాళ్లు చూసినారు.

మరి మన సుగ్గి సంగతి? పేరుకు తుంగభద్ర దిగువ కాలువ ఉంది, చివరి పొలాలకు తడి అందదు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు పత్తి, శనక్కాయ పని అయిపోగానే ఇళ్లకు తాళాలు, అరుగుల మీద ముసలోళ్లు. గుంటూరు వైపు మిరప కోతకు పోతే నాలుగు డబ్బులొస్తాయని పిల్లల్ని కూడా బడి మాన్పించి తీసుకుపోతారు. కూలీలను కోళ్ల బుట్టలో కుక్కినట్టు ఆటోలో కుక్కుతారు. ఇందులో దేవుడు కోసుకున్న పువ్వు ఎక్కడుంది? ఇట్లా అన్నానని పాస్టరు గారికి చెప్పకు. చెప్పినా పర్వాలేదు.

అయితే దేవుడికి ఏ బాధ్యతా లేదా అంటావు. ఉంది. అందుకే ఆయన్ని అడగొచ్చు. కీర్తనల పుస్తకంలో స్తుతి ఎంతుందో మొర అంతుంది. 88వ కీర్తన చీకటి అనే మాట దగ్గర ఆగిపోతుంది, ఆదరణ వాక్యం ఒక్కటీ ఉండదు. దాన్ని ఎవరూ తీసెయ్యలేదు. సిలువ మీద యేసు కూడా తండ్రిని ఎందుకని అడిగినాడు, జవాబు వచ్చినట్టు సువార్తలో రాయలేదు. నా నమ్మకమంతా అక్కడే నిలబడింది బుజ్జీ. మూడో రోజు పునరుత్థానం ఉందని నాకూ తెలుసు, నమ్ముతాను కూడా. కానీ శుక్రవారం నాడు ఏడ్చే తల్లి దగ్గరికి ఆదివారం సంగతి పట్టుకొని ఉరకొద్దు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఆయన ముందు ఏడ్చినాడు.

కాబట్టి ఆమె మళ్లీ అడిగితే, నాకు తెలీదమ్మా అను. అది అవిశ్వాసం కాదు. పిల్లోడు ఎత్తుకునే కీర్తన ఏదో ఆమెనే అడుగు, వాడి గురించి ఆమె ఎంతసేపు చెప్తే అంతసేపు విను. ఆదరణ కూడికలో నిన్ను మాట్లాడమంటే ఒప్పుకోవద్దు. కూలీ కుటుంబానికి రావాల్సిన ప్రమాద పరిహారం ఏమైనా ఉందేమో, ఎవరు కాగితాలు రాసిపెడతారో కనుక్కో. ఆమెకు చదువు రాదంటివి కదా, ఈ పని చేసేవాళ్లు మన సంఘంలో ఎవరూ ఉండరు. వాడి చెల్లెల్ని బళ్లో వేయించే సంగతి కూడా చూడు, లేకుంటే వచ్చే సుగ్గికి అది కూడా ఆటో ఎక్కుతుంది.

వచ్చే ఆదివారం ఆరాధన అయినాక పదకొండున్నర బస్సుకు నేను ఆదోనికి వస్తున్నా. మోకాళ్ల నొప్పుల మాట ఎత్తొద్దు. జొన్నరొట్టెలు నేను చేసుకొస్తా, శనక్కాయల పొడి నువ్వు కొట్టు. ఆమె తల దువ్వుకుందో లేదో చూద్దాం. నీ సంచిలో ఒక దువ్వెన పెట్టుకో, కొబ్బరినూనె సీసా నా దగ్గరుంది.

మీ పెద్దమ్మ