వేదికకు ముందు మిడి కంట్రోలరు

మిడి కంట్రోలరు హార్మోనియమువలె కనబడును. కాని దానికి స్వంత గొంతు లేదు. ఏ మెట్టు నొక్కితిమో, ఎంత బలముగా నొక్కితిమో 0 నుండి 127 వరకు గల అంకెలతో కంప్యూటరునకు తెలుపును. నాదము పుట్టించునది కంప్యూటరే. వేర్వేరు సంస్థల వాద్యములు కలసి పలుకుటకై 1983లో ఈ ఉమ్మడి భాష వెలువడినది. ఇందు 16 చానెళ్లు కలవు. పంపు చానెలు, వినువైపు చానెలు కలియనిచో వేదికపై మౌనమే మిగులవచ్చును.

కావున చిద్రిలోని తల్లిదండ్రులకు మా మనవి: బిడ్డ వేదిక నెక్కుటకు ముందే తీగ కలిపి, చానెలు సరిచూచి, ప్రతి మెట్టును మ్రోగించి చూడుడు. స్వరము ఆలస్యమైనచో కంప్యూటరులో బఫరు తగ్గింపుడు. మరీ తగ్గించిన శబ్దము చిటపటలాడును. అమరికను భద్రపరచి, ఏ నాబు దేనిని మార్చునో తెలుగులో వ్రాసి అంటింపుడు. తన భాషలో చదివిన గుర్తును బిడ్డ కంగారులోను మరువదు.