డేటా సెంటర్లు - నీటి పద్దు

చేవెళ్ల, మొయినాబాదుల పొరుగున షాబాదు మండలమందలి చందనవెల్లిలో అమెజాన్ కంపెనీవారు డేటా సెంటరును నెలకొల్పిరి. వారి హైదరాబాదు కేంద్రములు 2022 నవంబరులో పని ప్రారంభించినవి. మనము సెల్‌ఫోనులో పంపు డబ్బు లెక్కలు, ఫొటోలు నిలువయుండునది ఇట్టి గిడ్డంగులలోనే. రేయింబవళ్లు నడచుటచే అందలి యంత్రములు మిక్కిలి వేడెక్కును. వానిని చల్లార్చుటకు కొన్నిచోట్ల నీటిని ఆవిరిచేయుదురు. కొన్నిచోట్ల నీటివాడకము తగ్గించి విద్యుత్తు హెచ్చుగా వాడుదురు. ఆవిరియైన నీరు వానయై మన బోరులోనికే వచ్చునన్న భరవసా లేదు.

2030 నాటికి తాము వాడినదానికంటె నెక్కువ నీటిని ప్రజలకు చేకూర్చెదమని ఆ కంపెనీవారు 2022లో ప్రకటించిరి. మంచిమాటయే. కాని యది దేశదేశముల కేంద్రములనెల్ల కలిపి కట్టిన లెక్క. ఎచ్చటనో చెరువు నిండినచో మొయినాబాదు పూలతోట తడియునా? జంట జలాశయముల రక్షణకై 1996లో వచ్చిన 111వ జీవో ఆంక్షలను ఈ ప్రాంతపు రైతులు ఏండ్లతరబడి భరించిరి. (నగరపు దాహము తీర్చుటకే గదా!) కావున వారు కంపెనీల నీటి పద్దు నడుగుట న్యాయమేయని మా యభిప్రాయము.

గ్రామసభలో అడుగవలసినది ఇది: నీరెక్కడినుండి తెచ్చుచున్నారు, నెలకెన్ని లీటర్లు, అందు ఆవిరియగునదెంత? వేసవి లెక్కను వేరుగా నడుగుడు. ఏడాది సరాసరిలో నది కనబడదు.