ఎవరికి ఏ మాట?

చదువవలసిన భాగములు: 1 థెస్సలొనీకయులకు 5:12–15, 1 రాజులు 19:1–18, గలతీయులకు 6:1–5



మన పల్లె సంఘములలో ఆలోచన చెప్పుట పాదిరిగారి పని మాత్రమే కాదు. ఒక్క పాదిరిగారు అనేక ఊళ్లు చూచుకొనవలసిన చోట్ల, కష్టము కలిగినవాడు మొదట పోవునది పొరుగింటి విశ్వాసి యొద్దకో, సంఘపెద్ద యొద్దకో గదా. అప్పుడు మన నోట వచ్చు మాట అతనిని నిలువబెట్టవచ్చును. సంఘమునకే దూరము చేయనూవచ్చును.

ఒక సంగతి ఊహించుకొందము. అప్పు తెచ్చి మిరపతోట వేసిన ఒక సహోదరుడు పంట పోయి మూడు ఆదివారములు ఆరాధనకు రాలేదు. చూడబోయిన పెద్ద గుమ్మములో నిలువబడియే, "కానుక తగ్గించావు, ప్రార్థన మానావు, అందుకే దేవుడు శిక్షించాడయ్యా" అనెను. ఆ పెద్దకు చెడ్డ ఉద్దేశము లేదు. అయినను నాలుగవ ఆదివారము కూడ ఆ సహోదరుడు రాలేదు. లోపమెక్కడ? రోగిని చూడకమునుపే మందు ఇచ్చుటలో ఉన్నది.

1. మూడు విధముల వారు

పౌలు థెస్సలొనీక సంఘమునకు మొదటి పత్రికను క్రీ.శ. 50 ప్రాంతమున వ్రాసెను. అది క్రొత్త సంఘము. శ్రమలలో ఉన్న సంఘము. అందులో పని మాని పరుల జోలికి పోవువారు ఉండిరి (2 థెస్స. 3:11). తమవారు మరణింపగా కలతపడినవారు ఉండిరి (1 థెస్స. 4:13). ఒంటరిగా నిలువలేని బలహీనులును ఉండిరి. అపొస్తలుడు వీరందరికి ఒకే మాట చెప్పుమనలేదు. 5:14లో క్రమము తప్పినవానికి హెచ్చరిక, గుండె జారినవానికి ధైర్యము, బలహీనునికి ఊత అని వేరువేరుగా పంచిపెట్టెను. అందరికిని సమానముగా ఇమ్మన్నది ఒక్కటే, ఓర్పు.

ఇది తారుమారైనప్పుడే హాని కలుగును. గుండె జారినవానిని గద్దించినయెడల వాడు నలిగిపోవును. క్రమము తప్పినవానిని బుజ్జగించినయెడల వాడు తన పాపములోనే నిద్రపోవును. బలహీనునికి మాట చెప్పి చేయి అందింపనియెడల వాడు పడిపోవును. నారుమడికి పెట్టినట్లు కోతకు వచ్చిన చేనికి నీరు పెట్టము గదా! పొలములో చూపు ఈ వివేకమును మనుష్యుల యెడలను చూపవలెను.

2. ముందు వినవలెను

యోబు స్నేహితులు అతనితోకూడ ఏడు దినములు నేలమీద మౌనముగా కూర్చుండిరి (యోబు 2:13). వారు చేసిన మేలైన పని అదియే. తరువాత వారు నోరు తెరచిరి. వారి మాటలలో సత్యమేమియు లేదనలేము, ఎలీఫజు మాట నొకదానిని పౌలు సహితము ఎత్తి చెప్పెను (1 కొరింథీ. 3:19). అయితే కష్టపడువాడు తప్పక పాపము చేసియుండునని తీర్మానించి వారు యోబును నిందించిరి. అందుకు దేవుడు వారిమీద కోపపడెను (42:7). సంగతి వినకముందే ఉత్తరమిచ్చుట మూఢత్వమని సామెతలు 18:13 కూడ మనకు నేర్పుచున్నది.

3. ఏలీయాకు దేవుడు చేసిన చికిత్స

కర్మెలు కొండమీద అంత ధైర్యముగా నిలిచిన ఏలీయా, యెజెబెలు బెదిరింపు విని పారిపోయి, చెట్టు క్రింద కూర్చుండి చావు కోరుకొనెను. దేవుడు ఆయనను గద్దింపలేదు. నిద్రపోనిచ్చెను, దూతచేత అప్పమును నీళ్లును రెండు మారులు పంపెను. హోరేబులో ప్రశ్న వేసి, ఆయన మొర రెండు మారులు వినెను. అటుతరువాతనే పని అప్పగించి, "నేనొక్కడినే మిగిలితిని" అన్న ఆయన తలంపును సరిదిద్దెను. ఇశ్రాయేలులో ఇంకను 7,000 మంది ఉన్నారని తెలియజేసెను. ఆహారము, విశ్రాంతి, వినుట, చివరకు దిద్దుబాటు. దేవుని క్రమము ఇది.

కాబట్టి "బ్రతుకవలెనని లేదు" అని ఎవరైన చెప్పినయెడల, అది అవిశ్వాసమని తేల్చివేయకుడి. అతనిని ఒంటరిగా విడువకుడి. ఇంటిలోని పురుగుమందును అతనికి అందకుండ తీసివేయుడి. ప్రార్థించుడి, డాక్టరునొద్దకు వెంటబెట్టుకొని పోవుడి. భారత ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరున ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. ప్రార్థనకును వైద్యమునకును పగ లేదు, పౌలునకు ప్రియుడైన లూకా వైద్యుడే గదా (కొలొస్స. 4:14).

4. తప్పిపోయినవానిని బాగుచేయుట

గలతీయులకు 6:1లో తప్పులో చిక్కుకొన్నవానిని సాత్వికముతో మంచిదారికి తెమ్మని పౌలు చెప్పెను. అక్కడ గ్రీకు భాషలో వాడిన క్రియాపదమే, యాకోబు యోహానులు దోనెలో వలలు బాగుచేసికొనుచుండిరను చోట కూడ ఉన్నది (మార్కు 1:19). చిరిగిన వలను జాలరి పారవేయడు. చిరుగు లేదని దాచిపెట్టడు. ఒడిలో పెట్టుకొని ముడి వెంబడి ముడి వేయును. కనికరమును సత్యమును అట్లు కలిసి పనిచేయవలెను. మొదటి మాట రచ్చబండమీద కాక ఏకాంతముగా చెప్పవలెనని ప్రభువే సెలవిచ్చెను (మత్తయి 18:15).

అయితే ఒకటి గమనింపుడి. త్రాగివచ్చి భార్యను కొట్టువాని ఇంట మనము ఆమెతో, "ఓర్చుకోమ్మా, ప్రార్థించుకో" అని మాత్రమే చెప్పి వచ్చినయెడల, హెచ్చరిక పొందవలసినవానిని విడిచి, ఊత కావలసిన ఆమె మీద మరియొక భారము మోపినవారమగుదుము. ముందు ఆమెకును బిడ్డలకును క్షేమమైన చోటు చూడవలెను. గృహహింస నుండి స్త్రీలను కాపాడు చట్టము 2005లో చేయబడినది. 181 నంబరున సహాయము దొరకును. క్షమాపణ, సమాధానము అను మాటలు కొట్టువానికి మరుగు కాకూడదు.

5. గుట్టు కాపాడుట

ఒకడు కన్నీళ్లతో చెప్పినది మరునాడు నీళ్లపంపు దగ్గర వినబడినయెడల, ఇక ఎవరును మనయొద్దకు రారు. "ఫలానావారి కొరకు ప్రార్థించండి" అనుచునే వారి గుట్టు బయటపెట్టుటయు కొండెమే (సామెతలు 11:13). ప్రాణాపాయమున్నప్పుడు మాత్రము, కాపాడగలవారికి చెప్పక తప్పదు.

ముగింపు

మరల ఆ మిరపరైతు గుమ్మమునకు పోవుదము. ఆ పెద్ద మంచముమీద కూర్చుండి, "పంట సంగతి విన్నాను తమ్ముడూ, ఎట్లా ఉన్నావు?" అని అడిగి ఊరకుండవలసినది. అప్పు ఎంతో, వడ్డీ ఎంతో వినవలసినది. గడువు అడుగుటకు మరునాడు బ్యాంకుకు తోడు పోవలసినది. అతని నడవడిలో నిజముగా లోపమున్నయెడల, దానిని చెప్పుటకు ఆ స్నేహమే తరువాత దారి తెరచును. నలిగిన రెల్లును విరువని ప్రభువు (మత్తయి 12:20) మన నాలుకకు ఆ నిదానము దయచేయునుగాక.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఈ నెలలో నీయొద్దకు వచ్చినవాడు పై మూడు విధములలో ఎవడు? అతనికి నీవిచ్చినది ఏమి?

2. నీవు గుండె జారియున్నప్పుడు నిన్ను నిలిపిన మాట ఏది? గాయపరచిన మాట ఏది?

3. ఆరాధనకు రావడము మానినవారిలో ఎవరి ఇంటికి ఈ వారము పోవుదువు?