కడ్డీలు పొదిగిన గోడలు - కట్టడంలో వాటి విధులు

గోడ అనగానే గదిని వేరుచేసే అడ్డు అని సామాన్యంగా భావిస్తాము. కాని పైకప్పు బరువును పునాదికి చేర్చుట, ప్రక్కనుండి వచ్చే గాలి తాకిడిని, భూప్రకంపనాన్ని ఎదిరించుట కూడా గోడ విధులే.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో రాతికి కొరత లేదు. అడుసుతో పేర్చిన మందపు రాతిగోడలు, వాటిపై మట్టిమిద్దెలు పాత ఊళ్ళలో నేటికీ కలవు. నిలువు బరువును అవి చక్కగా మోయగలవు. రాయి, ఇటుక నొక్కుడుకు ఓర్చుకొంటాయి. లాగుడుకు మాత్రం అతుకులవద్ద విడిపోతాయి. నేల అడ్డంగా ఊగినప్పుడు గోడ వంగుతుంది. అప్పుడు ఒక ముఖం నొక్కబడి, రెండవ ముఖం లాగబడుతుంది. పగులు ఆ రెండవ ముఖానే పుడుతుంది.

ఈ బలహీనత ఎంతటి ప్రమాదకరమో 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారిలో తేలింది. అక్కడివీ మన పాత ఇండ్లవంటి రాతిగోడలే, మట్టికప్పులే. అవి కూలగా నిద్రలో ఉన్న వేలాదిమంది మరణించారు. మన రాష్ట్రంలోనూ 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతంలో భూమి కంపించింది.

లాగుడును ఓర్చే గుణం ఇనుముది. 1825లో లండనులో బ్రూనెల్ థేమ్స్ సొరంగపు బావి గోడలో ఇనుమును పొదిగాడు. 1935 నాటి క్వెట్టా భూకంపం పిదప, ఇటుకల నడుమ నిలువు ఖాళీలు విడిచి, కడ్డీలు నిలిపి, కాంక్రీటు నింపే 'క్వెట్టా బంధం' ప్రసిద్ధి చెందింది.

గోడలో ఉక్కు విధులు ముఖ్యంగా మూడు:

1. మూలలలో, ద్వారాల ప్రక్కన పునాదినుండి కప్పువరకు నిలిచే నిలువు కడ్డీలు గోడ వంగి విరగకుండా కాపాడుతాయి.

2. గుమ్మాలపై లింటెల్ మట్టంలో ఇంటిచుట్టూ సాగే కాంక్రీటు పట్టీ నాలుగు గోడలను ఒక పెట్టెవలె బిగిస్తుంది. భారతీయ ప్రమాణం 4326 ప్రకారం దీని మందం 75 మిల్లీమీటర్లకు తగ్గరాదు.

3. గోడకు ఏటవాలు పగుళ్ళు వచ్చినా, కడ్డీలు ముక్కలను పట్టి ఉంచి హఠాత్తుగా కూలనీయవు.

రాతిగోడలో ఇంకొక జాగ్రత్త అవసరం. లోపలి, వెలుపలి వరుసలను కలుపుతూ పొడవాటి రాళ్ళను అక్కడక్కడ అడ్డంగా వేయాలి. లేనిచో రెండు వరుసలు విడిపోయి గోడ ఉబ్బి కూలుతుంది. కడ్డీ చుట్టూ సిమెంటు చాలినంత లేకున్న తేమ తగిలి తుప్పు పడుతుంది.

ఇల్లు పూర్తియైన పిదప ఈ పట్టీని చేర్చుట కష్టం, ఖర్చు. కనుక కట్టుబడి సాగుతున్నప్పుడే విద్యార్థి మిత్రులు తమ ఇంటి మేస్త్రీని ఒక ప్రశ్న అడగాలి: లింటెల్ పట్టీ గుమ్మాలపైనే ఆగిందా, నాలుగు గోడలనూ చుట్టి వచ్చిందా?