ఆగిన బిల్లెట్, ఆరిన వేడి: బీర్‌గావ్ ఉక్కు మిల్లుల్లో లీన్ పాఠం

రాయ్‌పూర్ నగరానికి ఉత్తరాన, ఉర్లా పారిశ్రామిక వాడను ఆనుకుని ఉన్న పట్టణం బీర్‌గావ్. కాస్త ముందుకు వెళితే సిల్‌తరా పారిశ్రామిక ప్రాంతం వస్తుంది. స్పాంజ్ ఐరన్ కర్మాగారాలు, ఇండక్షన్ ఫర్నేసులు, రోలింగ్ మిల్లులు, ఫెర్రో అల్లాయ్ యూనిట్లు ఇక్కడ పక్కపక్కనే పనిచేస్తుంటాయి. బస్తర్‌లోని బైలదిల్లా గనుల ఖనిజం కిరండూల్-కొత్తవలస రైలు మార్గంలో విశాఖపట్నం చేరుతుందని తెలుగు పాఠకులకు తెలిసిందే. అదే ఛత్తీస్‌గఢ్‌లో ఖనిజం నుంచి ఇళ్ల స్లాబుల్లో వేసే టీఎంటీ కడ్డీ దాకా సాగే ప్రయాణమంతా కొద్ది కిలోమీటర్ల పరిధిలోనే కనిపించే చోటు ఈ ఉర్లా-సిల్‌తరా ప్రాంతం.

ఇలాంటి మిల్లుల్లో తరచూ ఎదురయ్యే దృశ్యం ఒకటుంది. ఎర్రగా కాలుతూ బయటికొచ్చిన ఉక్కు దిమ్మెను, అంటే బిల్లెట్‌ను, యార్డులో పేర్చి చల్లారనిస్తారు. రెండు మూడు రోజుల తర్వాత దాన్నే మరో కొలిమిలో పెట్టి, బొగ్గు మండించి మళ్లీ ఎర్రగా కాలుస్తారు. ఏళ్ల తరబడి అలవాటైన పని కావడంతో ఇందులో వృథా ఉందని ఎవరికీ తోచదు. అలవాటు చాటున దాగిన ఇలాంటి వృథాను కంటికి కనిపించేలా చేయడమే 'లీన్' శిక్షణ లక్ష్యం.

లీన్ అంటే ఏమిటి?

లీన్ అనే మాటకు 'బక్కపలచని' అని అర్థం. ఒంట్లో కొవ్వు లేకపోవడం వేరు, బలం లేకపోవడం వేరు. ఈ పద్ధతి తీసేయమనేది కొవ్వునే.

దీని పునాదులు జపాన్‌లో పడ్డాయి. సకిచి టొయోడా 1924లో పూర్తిచేసిన స్వయంచాలక మగ్గం దారం తెగిన వెంటనే తనంతట తానే ఆగిపోయేది. దాంతో లోపమున్న గుడ్డ గజాల కొద్దీ తయారయ్యే ప్రమాదం తప్పింది. లోపం కనిపించిన చోటే పనిని ఆపాలన్న సూత్రం అలా పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత టయోటా కార్ల కర్మాగారంలో తైచి ఓనో దానికి మరో సూత్రం జోడించారు. తర్వాతి దశకు ఏది, ఎంత, ఎప్పుడు కావాలో అదే, అంతే, అప్పుడే తయారు చేయాలి. అమెరికా సూపర్ మార్కెట్లలో కొనుగోలుదారు తీసుకున్న మేరకే అరను మళ్లీ నింపే తీరు ఆయనకు ఈ ఆలోచనలో తోడ్పడింది. 1988లో జాన్ క్రాఫ్‌సిక్ అనే పరిశోధకుడు ఈ విధానానికి 'లీన్' అని పేరు పెట్టారు.

ఓనో వృథాను ఏడు రకాలుగా విభజించారు: అవసరానికి మించిన ఉత్పత్తి, ఎదురుచూపు, అనవసర రవాణా, అనవసరమైన పని దశలు, పేరుకున్న నిల్వ, మనుషుల అనవసర కదలిక, లోపాలతో తయారైన సరుకు. యార్డులో చల్లారుతున్న బిల్లెట్‌లో వీటిలో కనీసం నాలుగు ఉన్నాయి. దాన్ని మిల్లు తీసుకోగలిగిన దానికంటే ముందే పోతపోశారు. అది ఎదురుచూస్తోంది, నిల్వగా పేరుకుంది. క్రేన్‌తో ఒకసారి దించారు, మరోసారి ఎత్తాలి.

వేడి లెక్క

సాధారణ కర్మాగారంలో నిల్వ వల్ల పోయేది వడ్డీ, స్థలం. ఉక్కు మిల్లులో వీటితోపాటు వేడి కూడా పోతుంది. ఎంత పోతుందో లెక్క కట్టవచ్చు.

ఒక కిలో ఉక్కును 30 డిగ్రీల సెల్సియస్ నుంచి 1,200 డిగ్రీలకు చేర్చడానికి దాదాపు 800 కిలోజౌళ్ల ఉష్ణశక్తి కావాలి. టన్నుకు 8 లక్షల కిలోజౌళ్లు, అంటే సుమారు 220 యూనిట్ల విద్యుత్తుతో సమానం. అయితే కొలిమిలో మండించిన ఇంధనం వేడి అంతా ఉక్కుకు చేరదు. కొంత చిమ్నీ పొగతో, కొంత గోడల గుండా, మరికొంత తలుపుల సందుల్లోంచి పోతుంది. కొలిమి సామర్థ్యం 40 శాతం అనుకుంటే టన్నుకు 20 లక్షల కిలోజౌళ్ల ఇంధనం మండించాలి. కిలోకు 21,000 కిలోజౌళ్లు ఇచ్చే బొగ్గయితే అది సుమారు 95 కిలోలు. అందులో సగం కర్బనం ఉందనుకున్నా 170 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది.

చల్లారిన బిల్లెట్‌ను మళ్లీ వేడి చేయడానికి అయ్యే ఖర్చు ఇది. పోత యంత్రం నుంచి బయటికొచ్చే బిల్లెట్ ఉపరితలం అప్పటికే 900 నుంచి 1,000 డిగ్రీల దగ్గర ఉంటుంది. దాన్ని చల్లారనివ్వకుండా నేరుగా రోలింగ్‌కు పంపితే ఈ ఖర్చులో చాలా భాగం మిగులుతుంది. తక్కువపడిన కొద్దిపాటి వేడిని అవసరమైతే విద్యుత్ ఇండక్షన్ హీటర్‌తో అందించవచ్చు. దీన్నే 'డైరెక్ట్ రోలింగ్' అంటారు. రాయ్‌పూర్ ప్రాంతంలో పలు మిల్లులు ఇప్పటికే ఈ బాట పట్టాయి.

యంత్రాలు కలిస్తే చాలదు, లయ కలవాలి

పోత యంత్రం, రోలింగ్ మిల్లు మధ్య ఒక కన్వేయర్ వేసినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. రెండూ ఒకే లయలో నడవాలి.

ఉదాహరణకు గంటకు 20 టన్నులు చుట్టే మిల్లును తీసుకుందాం. 100 మిల్లీమీటర్ల చదరం, 6 మీటర్ల పొడవు ఉన్న బిల్లెట్ బరువు దాదాపు 470 కిలోలు. అంటే సుమారు 85 సెకన్లకు ఒక బిల్లెట్ మిల్లుకు అందాలి. లీన్ పరిభాషలో దీన్ని 'టాక్ట్ సమయం' అంటారు. కొలిమి నింపేవారి నుంచి కడ్డీలు కట్టలు కట్టేవారి దాకా అందరి పనికీ ఇదే తాళం.

ఇప్పుడు ఎర్రని కడ్డీ స్టాండ్ల మధ్య దారి తప్పి బయటికి ఎగజిమ్మి మిల్లు 20 నిమిషాలు ఆగిందనుకుందాం. ఆ వ్యవధిలో 14 బిల్లెట్లు దారి మళ్లి యార్డుకు చేరతాయి. అవి పూర్తిగా చల్లారితే, తిరిగి వేడి చేయడానికి పై లెక్క ప్రకారం 600 కిలోలకు పైగా బొగ్గు కావాలి. 20 నిమిషాల ఆటంకం ఖర్చు ఆ 20 నిమిషాలతో తీరిపోదన్నమాట. అందుకే డైరెక్ట్ రోలింగ్ చేపట్టిన మిల్లులో యంత్రాల నిర్వహణ, గైడ్ల అమరిక, సిబ్బంది నైపుణ్యం నేరుగా ఇంధనం లెక్కలోకి వస్తాయి. పాత పద్ధతిలో యార్డు నిల్వ ఈ లోపాలన్నింటినీ కప్పిపెడుతుంది. చెరువులో నీరు తగ్గితేనే అడుగున ఉన్న రాళ్లు బయటపడినట్టు, నిల్వ తగ్గితేనే అసలు సమస్యలు పైకి వస్తాయి.

నిల్వకూ ఎదురుచూపుకూ ఉన్న సంబంధాన్ని అమెరికా శాస్త్రవేత్త జాన్ లిటిల్ 1961లో గణితపరంగా నిరూపించారు. వ్యవస్థలో ఉన్న సరుకును రోజువారీ ఉత్పత్తితో భాగిస్తే సగటు ఎదురుచూపు వస్తుంది. రోజుకు 100 టన్నులు చుట్టే మిల్లు యార్డులో 300 టన్నుల బిల్లెట్లు ఉంటే, ప్రతి బిల్లెట్ సగటున 3 రోజులు ఎదురుచూస్తోందని అర్థం.

కొలిమిలో ఎదురుచూపు, మూత లేని కుండ

వేడి కొలిమిలో ఆగిన ఉక్కుకూ నష్టం తప్పదు. ఎర్రగా కాలిన ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పొలుసులుగా మారుతుంది. ఈ పొర మందం గడిచిన సమయపు వర్గమూలానికి అనుపాతంలో పెరుగుతుంది. అదే ఉష్ణోగ్రతలో అరగంటకు బదులు రెండు గంటలు ఉంచితే పొలుసు మందం దాదాపు రెట్టింపవుతుంది. పొలుసుగా రాలినదంతా డబ్బు పెట్టి కరిగించిన ఉక్కే. రోజుకు 100 టన్నుల మిల్లులో ఈ నష్టం ఒక్క శాతం తగ్గినా రోజుకు ఒక టన్ను ఉక్కు మిగులుతుంది.

ఇండక్షన్ ఫర్నేసుదీ ఇదే కథ. 1,600 డిగ్రీల దగ్గర కరిగిన ఉక్కు ఉపరితలం నుంచి ప్రతి చదరపు మీటరుకు సుమారు 200 కిలోవాట్ల శక్తి వికిరణ రూపంలో వెలువడుతుంది. లాడిల్ సిద్ధం కాలేదని మూత తెరిచి 10 నిమిషాలు ఆగితే 30 యూనిట్లకు పైగా విద్యుత్తు వృథా. అన్నం కుండకు మూత పెట్టే ప్రతి ఇంట్లోనూ తెలిసిన సూత్రమే ఇది. ఫర్నేసు దగ్గర మాత్రం తరచూ మరుపున పడుతుంది.

పొయ్యి వెలిగించక ముందే కూరలు తరగాలి

8 మిల్లీమీటర్ల కడ్డీ నుంచి 12 మిల్లీమీటర్లకు మారాలంటే రోల్స్, గైడ్లు మార్చాలి. అంతసేపూ మిల్లు ఆగుతుంది. దీనికి జపాన్ ఇంజినీర్ షిగెయో షింగో చూపిన మార్గం ప్రసిద్ధం. టయోటాలో 1,000 టన్నుల ప్రెస్ అచ్చు మార్చడానికి పట్టే 4 గంటలను మొదట 90 నిమిషాలకు, ఆ తర్వాత 3 నిమిషాలకు తగ్గించిన అనుభవాన్ని ఆయన నమోదు చేశారు.

పెళ్లి వంటవాళ్ల పని గమనిస్తే ఆ కిటుకు అర్థమవుతుంది. పొయ్యి వెలిగించాక కూరలు తరగరు. తరగడం, కడగడం, మసాలా నూరడం అన్నీ ముందే ముగిస్తారు. మిల్లులోనూ యంత్రం ఆగితేనే చేయగల పనులను, నడుస్తుండగానే చేయగల పనులను వేరు చేయాలి. రోల్స్ వెతకడం, స్పానర్లు తేవడం, గైడ్ల కొలతలు సరిచూడడం రెండో కోవలోవి. వీటిని ముందే పూర్తిచేస్తే ఆగే సమయం కొత్త యంత్రమేదీ కొనకుండానే తగ్గుతుంది.

శిక్షణ ఎలా సాగుతుంది?

లీన్ శిక్షణ గదిలో మొదలైనా నేర్చుకునేది మాత్రం పని జరిగే చోటే. సాధారణంగా ఐదు మెట్లు ఉంటాయి.

1. ఒక బిల్లెట్ వెంట మొదటి నుంచి చివరి దాకా నడిచి, ఎక్కడ ఎంతసేపు ఆగిందో గడియారంతో రాసుకోవడం.
2. పనిముట్లు, సామగ్రిని ఏరడం, అమర్చడం, శుభ్రం చేయడం, ప్రమాణీకరించడం, దాన్నే అలవాటుగా నిలపడం. వీటినే '5ఎస్' అంటారు.
3. మిల్లు ఆగిన ప్రతిసారీ కారణాన్ని, నిమిషాలను బోర్డు మీద అందరికీ కనిపించేలా రాయడం.
4. మూలకారణం దొరికే దాకా 'ఎందుకు' అని అడగడం. కడ్డీ ఎందుకు దారి తప్పింది? గైడ్ వదులైంది. ఎందుకు? బోల్టు అరిగింది. ఎందుకు మార్చలేదు? తనిఖీ జాబితాలో అది లేదు. అప్పుడు సరిచేయాల్సింది జాబితాను, తిట్టాల్సింది కార్మికుణ్ని కాదు.
5. మెరుగైన పద్ధతిని రాసిపెట్టి, అన్ని షిఫ్టులకూ నేర్పడం.

బీర్‌గావ్ లాంటి చోట ఐదో మెట్టు కీలకం. ఇక్కడి కార్మికుల్లో స్థానికులతోపాటు ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారూ ఉంటారు. ఇంగ్లిష్ పోస్టరు అతికిస్తే శిక్షణ ఇచ్చినట్టు కాదు. బొమ్మలు, రంగు గుర్తులు, చేసి చూపడం, కార్మికుడి చేత చేయించి చూడడం కావాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కొత్త కార్మికులకు త్వరగా పని నేర్పడానికి అమెరికాలో రూపొందిన శిక్షణ కార్యక్రమం ఇదే క్రమాన్ని పాటించింది. యుద్ధం తర్వాత అది జపాన్ చేరి అక్కడి పద్ధతుల్లో భాగమైంది.

చిన్న పరిశ్రమలకు చేయూత

సలహాదారుల ఫీజు చిన్న యూనిట్లకు భారమే. అందుకే కేంద్ర సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల మంత్రిత్వ శాఖ 2023 మార్చి 10న 'ఎంఎస్‌ఎంఈ కాంపిటీటివ్ (లీన్) పథకం' కొత్త రూపాన్ని ప్రారంభించింది. ఇందులో ప్రాథమిక, మధ్యస్థ, ఉన్నత అనే మూడు స్థాయిలు ఉన్నాయి. సలహాదారుల సేవలు, అమలు ఖర్చులో 90 శాతం కేంద్రం భరిస్తుంది. అంతకుముందు ఈ వాటా 80 శాతం. నేషనల్ ప్రొడక్టివిటీ కౌన్సిల్, క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అమలు సంస్థలు.

హద్దులు తెలియాలి

లీన్ పేరుతో మనుషులను తగ్గిస్తే ఆ పద్ధతి అక్కడితో ఆగిపోతుంది. తన సూచన వల్ల తన ఉద్యోగమే పోతుందనుకున్న కార్మికుడు మరో సూచన చేయడు. యంత్రం ఎక్కడ ఎలా మొరాయిస్తుందో అందరికంటే బాగా తెలిసినవాడు అతడే. అలాగే లయ అంటే తొందర కాదు. ఎర్రని ఉక్కు పరుగెత్తే చోట భద్రతను పణంగా పెట్టి మిగిల్చిన సెకను లాభం కిందికి రాదు. నిల్వను పూర్తిగా సున్నా చేయడమూ అన్ని వేళలా మంచిది కాదు. 2011లో జపాన్ భూకంపం, 2020లో కోవిడ్ సరఫరాలను అడ్డుకున్నప్పుడు నిల్వలు లేని కర్మాగారాలు ఇబ్బంది పడ్డాయి. ఎంత నిల్వ ఎందుకు ఉంచుతున్నామో తెలిసి ఉంచడమే వివేకం.

ఆదా అయిన బొగ్గు యజమాని ఖాతాలోనే మిగిలిపోదు. చిమ్నీల పక్కనే ఇళ్లున్న బీర్‌గావ్‌లో మండని ప్రతి కిలో బొగ్గూ అంత తక్కువ పొగ, అంత తక్కువ బూడిద. కొలిమి ముందు నిలబడే కార్మికుడూ, సాయంత్రం డాబా మీద ఆరేసిన బట్టలు తీసే ఇల్లాలూ పీల్చేది ఒకే గాలి. ఈ మార్పుకు తొలి అడుగు వేయడానికి పెద్ద పెట్టుబడి కూడా అక్కర్లేదు. ఒక గడియారం, ఒక నోటు పుస్తకం పట్టుకుని ఒక బిల్లెట్ వెంట చివరిదాకా నడిస్తే చాలు.