మనలోని దీపము

పాఠ్యభాగములు: సామెతలు 20:27, కీర్తన 51:10–17, 1 థెస్సలొనీకయులకు 5:23



మన పల్లెలలో ఒకరి యింటికి వెళ్లి, "ఒంట్లో ఎట్లున్నది?" అని అడిగిన యెడల వెంటనే జవాబు వచ్చును. మోకాళ్ల నొప్పులనియు, షుగరు అనియు చెప్పుదురు. "మనస్సు ఎట్లున్నది?" అని అడిగినను ఏదో యొకటి చెప్పుదురు, అప్పు సంగతియో, పిల్ల పెండ్లి సంగతియో బయటికి వచ్చును. అయితే "మీ ఆత్మ ఎట్లున్నది?" అని అడిగిన యెడల చాలమంది ఊరకుందురు. ఆత్మ అను మాట వినగానే కొందరు పరిశుద్ధాత్మను మాత్రమే తలంచుకొందురు. మరికొందరు, అది మరణకాలమందు శరీరమును విడిచి పోవునది అని మాత్రమే అనుకొందురు. మనము బ్రదికియున్న ఈ దినముననే మనలో ఒక ఆత్మ యున్నదనియు, అది ఆకలిగొనుననియు, అలసిపోవుననియు, బలము పొందుననియు మనము జ్ఞాపకము చేసికొనుట అరుదు. ఈ నెల ఆ సంగతిని ధ్యానింతము.

1. ఆత్మ యనగా నేమి?

పాత నిబంధన వ్రాయబడిన హెబ్రీ భాషలో ఆత్మకు సాధారణముగా వాడబడిన మాట రూఅహ్. గాలి, ఊపిరి, ఆత్మ అను మూడు అర్థములు దానికి కలవు. క్రొత్త నిబంధనలోని ప్న్యూమా అను గ్రీకు మాటకును ఆ అర్థములే యున్నవి. అయితే సామెతలు 20:27లో నెషామా అను వేరొక మాట యున్నది. ఆదికాండము 2:7లో దేవుడు మంటితో చేసిన నరుని నాసికలలో ఊదిన ఊపిరికి వాడబడిన మాటయు ఇదియే. కాబట్టి ఆ సామెతయొక్క భావమేమనగా, దేవుడు ఊదిన ఊపిరియే నరునిలో దీపమై వెలుగుచున్నది. ఆ దీపముతో ఆయన మన లోపలి గదులన్నిటిని వెదకి చూచుచున్నాడు.

ఇచ్చట రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. మొదటిది, దీపము ఇంటి యజమానుడు కాదు. మన ఆత్మ దేవునిలోని యొక భాగము కాదు. జెకర్యా 12:1 ప్రకారము దేవుడే దానిని మనలో నిర్మించెను. పరిశుద్ధాత్మ వేరు, మన ఆత్మ వేరు. అందుచేతనే పౌలు రోమా 8:16లో, పరిశుద్ధాత్మ మన ఆత్మతో కలిసి సాక్ష్యమిచ్చునని చెప్పుచున్నాడు. సాక్షులిద్దరు ఉన్నప్పుడే గదా కలిసి సాక్ష్యమిచ్చుట!

రెండవది, మనుష్యుని ముక్కలుగా కోసి చూడకూడదు. 1 థెస్సలొనీక 5:23లో ఆత్మ, జీవము, శరీరము అను మూడు మాటలున్నవి. మత్తయి 10:28లో శరీరము, ఆత్మ అను రెండే యున్నవి. మనుష్యుడు మూడు భాగములా, రెండు భాగములా అని పండితులు బహుకాలమునుండి వాదించుచున్నారు. మేమును వేదాంత పాఠశాలలో దానిని గూర్చి రాత్రులు కూర్చుండి వాదించితిమి. ఇప్పుడు మాకు తోచునదేమనగా, పౌలు ఆ వచనములో లెక్క చెప్పుటలేదు, ప్రార్థన చేయుచున్నాడు. మీలో ఏ మూలయు విడువబడక అంతయు ప్రభువు రాకడవరకు కాపాడబడవలెనని కోరుచున్నాడు.

2. ఆత్మయొక్క శబ్దమును ఎట్లు గుర్తింతుము?

దీనికి మా స్వంత తప్పునే యొకటి చెప్పుదుము. కొన్ని సంవత్సరముల క్రిందట నాట్ల కాలమందు, మా సంఘములోని రెండు కుటుంబములకు పొలము గట్టు విషయమై తగవు వచ్చెను. వారిలో ఒకాయన సంఘ పెద్ద, వయస్సులో మాకంటె చాల పెద్దవాడు. మేము పొలమునకు వెళ్లి ఇరువురితో మాటలాడితిమి. ఆయన ఎంతకును తగ్గలేదు. మాకు కోపము వచ్చి, ఆయన కొడుకుల యెదుటను కూలివారి యెదుటను, "మీరు ఏ ముఖముతో ప్రభువు బల్లయొద్దకు వచ్చుచున్నారు?" అని అంటిమి. ఆయన బదులు పలుకక, పైగుడ్డ భుజముమీద వేసికొని వెళ్లిపోయెను.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థన చేసితిమి. మాటలు ధారాళముగా వచ్చినవి. ఆమేన్ అనిన తరువాత మా యింటిలోని ఆమె, "ఏమండీ, ఈ రాత్రి మీరు ప్రార్థన చేసినట్లు లేదు, ప్రసంగము చేసినట్లున్నది" అనెను. మేము పండుకొంటిమి గాని నిద్ర రాలేదు. మా మనస్సు వకీలువలె మా పక్షమున వాదించుచుండెను. "చెప్పినది సత్యమే గదా! కాపరి గద్దింపకూడదా? పౌలు పేతురును అందరి యెదుట గద్దింపలేదా?" అని వచనములుకూడ తెచ్చి చూపెను. అయితే లోపల మరియొకటి ఉండెను. అది వాదింపలేదు. ఒకే చోట దీపము పట్టుకొని నిలిచియుండెను. అక్కడ మేము చూచినదేమనగా, ఆ మాట సత్యమే గాని, దానిని పలికించినది సత్యముమీది ప్రేమ కాదు. నలుగురిలో మా మాట చెల్లలేదను రోషమే.

తెల్లవారగానే ఆయన యింటికి వెళ్లితిమి. ఆయన మంచము వాల్చి కూర్చుండుమనెను. కొంతసేపటికి, "అయ్యగారూ, మీరు అన్నందుకు కాదు, నా బిడ్డల యెదుట అన్నారు" అని పలికెను. అప్పుడు ఆయన కొడుకులను పిలువుమని వేడుకొని, వారి యెదుటనే క్షమించుమని అడిగితిమి. ఆ గట్టు తగవు ఆ దినమున తీరలేదు. కోతలైన తరువాత కొలిపించి రాళ్లు పాతుకొనిరి. కాని మా హృదయములోని బరువు ఆ ఉదయముననే దిగిపోయెను.

ప్రియులారా, ఆత్మయొక్క శబ్దమునకు ఇవి కొన్ని గుర్తులు. మనస్సు ఎదుటివాని తప్పు చూపి మనలను విడిపించ జూచును. ఆత్మ మన తప్పునే చూపును. మనస్సు పది మాటలాడును. ఆత్మ ఒకే సంగతిని చూపును. సాతాను నిందలు మోపినప్పుడు "నీవు పనికిరానివాడవు" అని చెప్పి దారి మూసివేయును. ఆత్మ గుచ్చినప్పుడు చేయవలసిన పని యొకటి కనబడును. దానిని చేసినప్పుడు నెమ్మది కలుగును.

అయితే లోపల తోచిన ప్రతి తలంపును దేవుని మాటగా ఎంచవద్దు. తనయందు ఏ దోషమును తనకు తెలియకపోయినను, అంతమాత్రమున తాను నీతిమంతుడనని ఎంచబడనని పౌలు 1 కొరింథీయులకు 4:4లో ఒప్పుకొనుచున్నాడు. దీపముకూడ వాక్యము చేతను, ప్రార్థించు సహోదరుల ఆలోచన చేతను పరీక్షింపబడవలెను.

3. దీపమునకు మసి పట్టుట

మా చిన్నతనమున మా ఊరిలో రాత్రులయందు కరెంటు తరచుగా పోవుచుండెను. సాయంకాలము లాంతరు చిమ్నీ తుడుచుట మా పని. ఒకనాడు ఆటలో పడి తుడువలేదు. రాత్రి గుడ్డి వెలుతురు చూచి, వత్తి పెంచితిమి. పెంచిన కొలది పొగ ఎక్కువై చిమ్నీ మరింత నల్లబడెను. మా అమ్మ వచ్చి, "దీపము బాగుగనే యున్నదిరా, మసి తుడువు" అని చెప్పెను.

సంఘములో మనము చేయునదియు ఇదియే. ఆత్మ మసకబారినప్పుడు పాట గట్టిగా పాడుదుము, కూటములు ఎక్కువ చేయుదుము, మైకు పెంచుదుము. వత్తి పెంచుచున్నాము గాని మసి తుడుచుటలేదు. నాతాను వచ్చి పాపమును చూపిన తరువాత దావీదు చేసిన 51వ కీర్తనను చూడుడి. 10, 11, 12, 17 వచనములలో నాలుగు మారులు ఆత్మ అను మాట వచ్చుచున్నది. స్థిరమైన ఆత్మను తనలో నూతనముగా పుట్టింపుమనియు, దేవుని పరిశుద్ధాత్మను తీసివేయవద్దనియు, ఇష్టపూర్వకముగా లోబడు ఆత్మతో తనను నిలుపుమనియు అడిగి, విరిగిన ఆత్మయే దేవునికి తగిన బలియని చెప్పుచున్నాడు. అతడు రాజు, వేల కొలది పశువులను బలిగా అర్పింపగలడు. అయినను ఒప్పుకొనుటకు మారుగా బలి నర్పింపలేదు.

4. ఆత్మను పోషించుట

(అ) మౌనము. మార్కు 1:35లో మన ప్రభువు ఇంకను చీకటియుండగానే లేచి అరణ్యప్రదేశమునకు వెళ్లి ప్రార్థించెను. మనకు పాలు పిదుకు వేళ, నీళ్లు పట్టు వేళ, పనికి పోవు వేళ ఉన్నవి. లేవగానే చేతిలోనికి ఫోను వచ్చుచున్నది. లోకపు వార్తలన్నియు వినిన తరువాత ఆత్మ మాట వినుటకు చెవి మిగులదు. ఫోను ముట్టకమునుపు పది నిమిషములు ప్రభువు సన్నిధిని ఊరక కూర్చుండుడి.

(ఆ) వాక్యమును నెమరువేయుట. కీర్తన 1:2లో ధ్యానించుట అని యున్నచోట హెబ్రీ మాట హాగా. దానికి మెల్లగా నోటిలో పలుకుకొనుట అని అర్థము. ఇది చదువు వచ్చినవారికి మాత్రమే చెందినది కాదు. మా సంఘములో అక్షరము రాని ఒక అవ్వ యున్నది. ఆదివారము ఆరాధనయైన తరువాత మనుమనిచేత ప్రసంగ వచనమును మూడు నాలుగు మారులు చదివించుకొనును. ఆ వారమంతయు కలుపు తీయుచు దానినే పలుకుకొనును. ఒక శనివారము మేము ఆమె యింటికి వెళ్లగా, మేము బోధించిన వచనములో మేము చూడని సంగతి యొకటి ఆమె మాకు చెప్పెను. ఆవు మేసిన గడ్డి పాలగుట మేయునప్పుడు కాదు గదా, నీడను పండుకొని నెమరువేసిన తరువాతనే.

(ఇ) సహవాసము. పౌలంతటివానికిని ఆత్మలో నెమ్మది లేని దినములుండెను (2 కొరింథీయులకు 2:13). కొరింథునుండి ముగ్గురు సహోదరులు వచ్చి తన ఆత్మకు సుఖము కలుగజేసిరని అతడు 1 కొరింథీయులకు 16:18లో కృతజ్ఞతతో వ్రాసెను. మనము ఒకరి యింటికి వెళ్లి చాడీలు చెప్పి వచ్చితిమా, లేక వారి ఆత్మకు సేద దీర్చి వచ్చితిమా?

5. అలసినవారికి ఒక మాట

కొందరు ఈ పాఠము చదివి, "నా ఆత్మ ఎండిపోయినది, నేను పాపినే" అని కృంగుదురేమో. ఆత్మ భారము ప్రతిసారియు పాపఫలము కాదు. హన్నా తాను మనోదుఃఖము గలదాననని చెప్పెను (1 సమూయేలు 1:15). దేవుడు ఆమెను నిందింపలేదు. ఏలీయా చావగోరి బదరీవృక్షము క్రింద పడియున్నప్పుడు, దేవుడు మొదట గద్దింపలేదు. నిద్రపోనిచ్చి, రెండు మారులు భోజనము పెట్టించి, ఆ తరువాతనే మెల్లని స్వరముతో మాటలాడెను (1 రాజులు 19). దినమంతయు నడుము వంచి నాట్లు వేసిన తల్లి కూటములో కునుకు తీసిన యెడల ఆమెను చులకనగా చూడవద్దు. నిద్ర పట్టని దుఃఖము చాల దినములు విడువనిచో ప్రార్థనతోకూడ వైద్యుని యొద్దకును వెళ్లుడి. శరీరమును చేసినవాడును ఆత్మను నిర్మించినవాడును ఒక్కడే.

ఆ మెల్లని స్వరము మీలో ఒక్క సంగతిని చూపుచున్నదా? ఎవరి యింటికో వెళ్లుమని చెప్పుచున్నదా? రేపటికి వాయిదా వేయవద్దు. వకీలు నిద్ర లేవకమునుపే బయలుదేరుడి.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఈ వారము నా ఆత్మ నన్ను గుచ్చినప్పుడు నేను ఏమి చేసితిని?
2. నా దీపమునకు పట్టిన మసి యేది? దానిని ఎవరియొద్ద ఒప్పుకొనవలెను?
3. ఈ వారమంతయు నెమరువేయుటకు మన యింటివారు ఏ వచనమును ఎన్నుకొందురు?

ప్రార్థన

మా ఆత్మలకు తండ్రివైన దేవా, నీవు మాలో వెలిగించిన దీపమును మేము మరచిపోయితిమి. మా మసిని తుడిచివేయుము. నీవు చూపినదానిని చూచుటకు ధైర్యమును, చూచినదానిని చేయుటకు బలమును దయచేయుము. అలసినవారిని నీవే లేపి పోషింపుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.