పాఠం 12. నిత్యజీవితం పుస్తకమైనప్పుడు



ఆత్మకథ అనగానే మనకు గాంధీజీ, నెహ్రూ వంటి నాయకులు గుర్తుకు వస్తారు. ఇళ్లలో అంట్లు తోమి, గదులు ఊడ్చి పిల్లలను పెంచుకునే స్త్రీ తన కథ రాస్తే ఎవరు చదువుతారు? బేబీ హాల్దార్ రాసిన ‘ఆలో ఆంధారి’ని చాలామంది చదివారు. ఈ బెంగాలీ పేరుకు వెలుగూ చీకటీ అని అర్థం. బెంగాలీలో రాసిన ఈ పుస్తకం మొదట 2002లో హిందీ అనువాదంగా వెలువడింది. తరువాత బెంగాలీలోనూ, 2006లో ఇంగ్లీషులోనూ వచ్చింది.

12.1 రచయిత్రి జీవితం

బేబీ చిన్నతనంలోనే తల్లి ఇల్లు విడిచి వెళ్లిపోయారు. వెళుతూ కూతురి చేతిలో పది పైసల నాణెం పెట్టారు. బడి చదువు ఆగుతూ సాగుతూ మధ్యలోనే నిలిచిపోయింది. పన్నెండేళ్లకే, తనకంటే పద్నాలుగేళ్లు పెద్దవాడితో పెళ్లయింది. భర్త కొట్టేవాడు. చివరకు 1999లో ముగ్గురు పిల్లలను వెంటబెట్టుకుని, దుర్గాపూర్ నుంచి రైలెక్కి ఢిల్లీ వైపు వచ్చేశారు.

ఢిల్లీ పక్కనే ఉన్న గుర్‌గావ్‌లో (నేటి గురుగ్రామ్) కొన్ని ఇళ్లలో పనిచేశాక ప్రబోధ్ కుమార్ ఇంట్లో కుదిరారు. ఆయన మానవశాస్త్ర ఆచార్యులుగా పనిచేసి విశ్రాంత జీవితం గడుపుతున్నారు. హిందీ రచయిత ప్రేమ్‌చంద్‌కు మనుమడు. పుస్తకాల అల్మారా దుమ్ము దులిపేటప్పుడు బేబీ అక్కడే ఆగిపోవడం ఆయన గమనించారు. తస్లీమా నస్రీన్ తన బాల్యం గురించి రాసిన బెంగాలీ పుస్తకం చదవడానికి ఇచ్చారు. కొన్నాళ్లకు ఒక నోటుపుస్తకం, కలం ఇచ్చి, నీ జీవితం గురించి రాయమన్నారు. రాత్రి పని ముగిసి, పిల్లలు నిద్రపోయాక బేబీ రాసేవారు. హిందీలోకి అనువదించింది ప్రబోధ్ కుమారే.

ఇక్కడ ఒక మాట. ఈ కథ చెప్పేవారు కొందరు యజమాని ఔదార్యాన్నే ముందు చెబుతారు. ఆయన సాయం పెద్దదే. కానీ అల్మారా ముందు ఆగింది బేబీ. నిద్ర మానుకుని రాసిందీ ఆమే.

12.2 ఈ పుస్తకంలో ఏమి గమనించాలి?

బేబీ చాలా చోట్ల ‘నేను’ అని రాస్తారు. ఉన్నట్టుండి కొన్ని చోట్ల ‘బేబీ’ అంటూ, ఎవరో వేరొక మనిషి గురించి చెబుతున్నట్టు రాస్తారు. దీన్ని వ్యాకరణ దోషంగా తీసుకోకండి. చిన్నవయసులోనే తల్లి అయిన ఆ పిల్లను, ఎదిగిన స్త్రీ కొంత దూరం నుంచి చూస్తున్నట్టు ఉంటుంది. దుఃఖాన్ని పెద్ద మాటలతో చెప్పుకోవడం ఈ పుస్తకంలో లేదు. కొట్టిన సంగతి, వండిన సంగతి ఒకే గొంతుతో చెబుతారు. చదివేవారిని కదిలించేది అదే.

పిలుపులను కూడా గమనించండి. ఇంటిపని చేసేవారిని చాలా ఇళ్లలో పేరుతోనైనా పిలవరు. ‘పనిమనిషి’ అంటే సరిపోతుందనుకుంటారు. ఆ మనిషికి సొంత పేరు, బాల్యం, అభిప్రాయాలు ఉన్నాయని ఈ పుస్తకం అడుగడుగునా చూపుతుంది. వ్యక్తి అస్తిత్వం అని విమర్శకులు అనేది దీన్నే.

12.3 ఇటువంటివే మరి రెండు

తమిళ రచయిత్రి బామ ‘కరుక్కు’ 1992లో వెలువడింది. తాటిమట్ట అంచున రంపపు పళ్లలా ఉండేవే కరుక్కు. దళిత క్రైస్తవ కుటుంబంలో పుట్టిన ఆమె తన ఊరివారు మాట్లాడే తమిళంలోనే ఈ ఆత్మకథ రాశారు. గిడుగు రామమూర్తి గారి వ్యావహారిక భాషోద్యమం గురించి తెలిసినవారికి ఇది ఎంత పెద్ద నిర్ణయమో అర్థమవుతుంది.

బెంగాలీ రచయిత మనోరంజన్ బ్యాపారి జైలులో అక్షరాలు నేర్చుకున్నారు. తరువాత కోల్‌కతాలో రిక్షా తొక్కారు. ఒకనాడు రిక్షా ఎక్కిన ఒక ప్రయాణికురాలిని ‘జిజీవిష’ అంటే ఏమిటని అడిగారు. ఆమె మహాశ్వేతా దేవి. బతకాలనే కోరిక అని చెప్పి, తన పత్రికకు రాయమన్నారు. ఈ మాట తెలుగులోనూ ఉంది, నిఘంటువులో చూడండి.

పాఠ్యగత ప్రశ్నలు

1. బేబీ తన గురించి ‘నేను’ అని కాక ‘బేబీ’ అని రాయడానికి కారణం ఏమై ఉంటుంది?
2. మీ పని చోట మిమ్మల్ని ఎవరు ఏమని పిలుస్తారు? మీరు ఎలా పిలిపించుకోవాలని అనుకుంటారు?
3. నిన్న ఉదయం లేచినప్పటి నుంచి పని మొదలుపెట్టే వరకు జరిగింది, మీ ఇంట్లో మాట్లాడే భాషలోనే, పదిహేను వాక్యాల్లో రాయండి. తప్పులు దిద్దడం తరువాత చూద్దాం.